పోలమ్మ మిషనుకు తొమ్మిది శాఖలు

మజ్జి సింహాద్రికి ఇరవై రెండేళ్ళుగా ఒక సందేహం ఉండిపోయింది. థర్మామీటరులో పాదరసం ఫిజిక్సు వాళ్ళదా, కెమిస్ట్రీ వాళ్ళదా?

అది పుట్టిన రోజు అతనికి బాగా గుర్తు. కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరుగా చేరిన మొదటి వారంలోనే ఒక థర్మామీటరు కిందపడి పగిలింది. పాదరసం చిన్న చిన్న గోళీలై పరిగెత్తి, రెండు ల్యాబులకూ మధ్యనున్న గడప దగ్గర ఆగింది. ఫిజిక్సు మాస్టారు వచ్చి చూసి, "పదార్థం మీది" అన్నారు. కెమిస్ట్రీ మాస్టారు వచ్చి చూసి, "పరికరం మీది" అన్నారు. ఇద్దరూ వెళ్ళిపోయారు. సింహాద్రి ఒక్కడూ కాగితం ముక్కతో దాన్ని ఎత్తి సీసాలో పోశాడు. ఆ సీసా ఇప్పటికీ ఏ బీరువాలోకీ వెళ్ళకుండా గడప పక్క కిటికీలోనే ఉంది.

పదో తరగతి చదివినవాడు. పొద్దున్నే స్నానం చేసి నామం పెట్టుకోనిదే గడప దాటడు. శనివారాలు ఒంటిపూట భోజనం. సింహాచలం అప్పన్నస్వామి ఇంటి ఇలవేల్పు. ఇలాంటి సందేహం ఎవరిని అడగాలో అతనికి తెలియలేదు. కాలేజీలో చదువుకున్నవాళ్ళంతా ఏదో ఒక శాఖకు చెందినవాళ్ళే, ఎవరిని అడిగినా పక్షపాతం అనిపించుకుంటుంది. అందుకని ఆ సంగతి స్వామికే విడిచిపెట్టాడు.

ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ సందేహం తీర్చే మనిషి కాలేజీకి వచ్చాడని విని, మొదట్లో సింహాద్రి నిజంగానే సంతోషించాడు.

జరిగిందేమంటే, కాలేజీని చూసి మార్కులు వేసి పోయే కమిటీ ఒకటి ఉంటుంది. అది కిందటేడు వచ్చి, జీడిపప్పు ఉప్మా తిని, "ఇక్కడ శాఖలు బావుల్లా ఉన్నాయి, సముద్రంలా ఉండాలి" అని రాసిపోయింది. ప్రిన్సిపాల్ నరసరాజు గారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకుని, నెల తిరక్కుండా ఒక కొత్త ఉద్యోగం సృష్టించారు. దాని పేరు సరిహద్దుల తొలగింపు డీన్. అందులోకి వచ్చినవాడు డాక్టర్ సుధాంశు. ముప్పై అయిదేళ్ళ వయసు, చురుకైన మనిషి, నాలుగు వేర్వేరు సబ్జెక్టుల్లో పట్టాలున్నాయి. "ఏ ఒక్కదానిలోనూ ఇరుక్కుపోలేదు" అని వినయంగా చెప్పుకునేవాడు.

వచ్చిన మర్నాడే మొదటి ఉత్తర్వు వెలువడింది. 'ఇకపై ఏ ఒక్క శాఖ ఒంటరిగా చేసిన పనీ పనిగా పరిగణింపబడదు.'

కాలేజీ జనం దాన్ని భక్తితోనే పాటించారు. కెమిస్ట్రీ పిల్లలు ద్రావణం కొలుస్తుంటే, బ్యూరెట్టు నిటారుగా ఉందో లేదో చూడటానికి సివిల్ పిల్లలు తూకపుగుండు దారం పట్టుకుని నిలబడ్డారు. డ్రిల్లు మాస్టారు లెక్కల మాస్టారితో కలిసి పిల్లల్ని ప్రధాన సంఖ్యల వరసలో పరిగెత్తించారు. సెలవు చీటీల మీద కూడా పరాయి శాఖ సంతకం కావలసి వచ్చింది. జ్వరం తగిలిన సింహాద్రి చీటీ పట్టుకుని మెకానికల్ మాస్టారి దగ్గరికి వెళ్తే, ఆయన అతని నుదురు తాకి చూసి, "వేడెక్కింది, చల్లారేదాకా ఆపి ఉంచాలి" అని రాసి సంతకం చేశారు.

తర్వాత కెమిస్ట్రీ ల్యాబుకూ లైబ్రరీకీ మధ్య గోడ కొట్టించారు. ఆ సాయంత్రం నుంచి లైబ్రరీలో కుళ్ళిన కోడిగుడ్ల వాసన నిలిచిపోయింది. అక్కడ చదువుకునే ఇద్దరు పిల్లలూ మానేశారు.

"శుభసూచకం" అన్నాడు సుధాంశు. "వాసనకు సరిహద్దు లేదని రుజువైంది."

సింహాద్రి ఆయన్ని తప్పు పట్టలేదు. ఆలోచనలో ఏదో నిజం ఉందనే అనుకున్నాడు. అప్పన్నస్వామి మటుకు? వరాహమూ, నరుడూ, సింహమూ ఒక్క మూర్తిలోనే కదా కూడి ఉన్నాయి! అయితే, అక్కడ ముగ్గుర్నీ కలపడానికి ఏ కమిటీ కూర్చుందో, ఎవరి సంతకం ఎవరు పెట్టారో, అదొక్కటే అతనికి అంతు పట్టలేదు.

* * *

మే నెల మూడో వారంలో రెండో ఉత్తర్వు వచ్చింది. శాఖలన్నీ కలిసి ఒక పేద లబ్ధిదారును గుర్తించి, ఆ మనిషి సమస్యకు ఒక ఆవిష్కరణ చేసి, దాన్ని సామాజిక వ్యాపారంగా నిలబెట్టాలి. జూన్ పదో తారీఖున కమిటీ మళ్ళీ వస్తోంది. ఆ లోగా లబ్ధిదారు సిద్ధంగా ఉండాలి.

మీటింగులో టీ కప్పులు అందిస్తున్న సింహాద్రి నోరు జారాడు. "సార్, మన గేటు దగ్గర పోలమ్మప్ప ఉందండి. కుట్టు మిషను బెల్టు తెగిపోయి కూకుంది."

సుధాంశు లేచి నిలబడ్డాడు. "మహిళ. పేద. గేటు దగ్గరే. సింహాద్రి గారూ, మీలో ఒక వ్యవస్థాపకుడున్నాడు."

సింహాద్రిలో ఉన్నది వ్యవస్థాపకుడు కాదు, పాత బాకీ.

ఇరవై రెండేళ్ళ కిందట ఉద్యోగం ఇంటర్వ్యూకని వస్తుంటే బస్సులో మేకు తగిలి చొక్కా భుజం దగ్గర జానెడు చిరిగింది. గేటు పక్కన నీలం పరదా కింద మిషను తొక్కుతున్న పోలమ్మ పిలిచింది. "ఒంటి మీదుండగా కుట్టకూడదు, ఇప్పీ బాబూ" అని చొక్కా తీయించి, అతన్ని బనీనుతో కూర్చోబెట్టి, తన దగ్గరున్న ఆఖరి తెల్లదారంతో కుట్టి ఇచ్చింది. ఏమివ్వాలని అడిగితే, "ఉద్యోగమొస్తే ఓ తెల్లదారం రీలు ఇద్దురు గానిలే" అంది.

ఉద్యోగం వచ్చింది. మొదటి నెల మరిచిపోయాడు. రెండో నెల గుర్తొచ్చింది గాని, ఆలస్యమైందని సిగ్గుపడ్డాడు. ఏడాది దాటాక ఒక్క రీలు చేతిలో పెడితే వెటకారంగా ఉంటుందనిపించింది. పదేళ్ళు దాటాక, ఒక్క రీలు ఏం సరిపోతుందని అనిపించింది. అలా రోజూ రెండుసార్లు ఆ పరదా ముందు నుంచే వెళ్తూ, "బాగున్నావా అప్పా" అని సొంత అక్కను పలకరించినట్టు నవ్వి పోవడం అలవాటైపోయింది. ఇప్పుడు బెల్టు తెగిందనగానే, ఈ వంకతోనైనా రుణం తీర్చుకుందామనుకున్నాడు.

నిజానికి పోలమ్మ బుధవారం బస్సెక్కి విజయనగరం వెళ్ళి బెల్టు తెచ్చుకుందామనుకుంది. ఆమె దగ్గర సర్కారు బడి పిల్లల యూనిఫారం గుడ్డ ఉంది, ముప్పై ఆరు జతలు. సగం కుట్టేలోగా బెల్టు తెగింది. పన్నెండో తారీఖున బడి తెరుస్తారు. ఆ పొద్దుటికి ఇవ్వకపోతే వచ్చే ఏటి నుంచి బజారు టైలరుకే ఇచ్చేస్తానని హెడ్మాస్టరు ఖండితంగా చెప్పాడు. ఏడాదిలో ఆమెకు నిలకడగా దొరికే పని అదొక్కటే.

"నువ్వెందుకప్పా ఎండలో? లోపల ఇంతమంది ఇంజినీర్లున్నారు. గంటలో చేయించి తెస్తాను" అని సింహాద్రి మాటిచ్చాడు. ఇద్దరు కూలీలు మిషను మోసుకుని లోపలికి పోయారు.

* * *

మొదటిరోజే మెకానికల్ మాస్టారు మిషను చుట్టూ ఒకసారి తిరిగి, "బెల్టు తెగింది. కొత్తది వేస్తే అయిపోతుంది" అన్నారు.

సుధాంశు మందహాసం చేశాడు. "మాస్టారూ, యంత్రం సమస్యకు యంత్రం పరిష్కారం! ఇది ఏకశాఖా దృక్పథం. సమస్యను పరిష్కరించే ముందు దాన్ని సంపూర్ణంగా విస్తరించాలి."

"బెల్టును ఏం విస్తరిస్తామండీ?"

"చూశారా, మీకు ఈ విషయం బాగా తెలుసు. తెలిసినవాడు తనకు తెలిసిందే చూస్తాడు. అందుకే మిమ్మల్ని దీనికి దూరంగా ఉంచుతున్నాం."

మూడో ఉత్తర్వు అలా పుట్టింది. ఎవరూ తమ సొంత విషయాన్ని ముట్టుకోరాదు. మెకానికల్ వాళ్ళకు ప్రాజెక్టు గీతం రాసే పని అప్పగించారు. ఇంగ్లీషు వాళ్ళకు మిషనుకు నూనె వేసే పని పడింది. సివిల్ వాళ్ళు దారం మన్నిక చూశారు, కెమిస్ట్రీ వాళ్ళు ప్రచారం చేశారు, మేనేజిమెంటు వాళ్ళు మిషను కింద మట్టి తవ్వి పరీక్షకు పంపారు. డ్రిల్లు మాస్టారు ఎలక్ట్రానిక్సులో పడ్డారు. ఆయన అంతకు ముందు విజిలు తప్ప మరో పరికరం పట్టినవారు కారు. అయినా పట్టుదల గల మనిషి, మిషనుకు పదకొండు తీగలూ, మూడు దీపాలూ అమర్చి, తొక్కుడు పలక మీద కాలు పెడితే డీన్ గారి ఫోనుకు 'లబ్ధిదారు ఉత్సాహంగా ఉన్నారు' అని సందేశం వెళ్ళేలా చేశారు. కాలు ఎవరిదైనా సందేశం అదే.

వారం తిరిగేసరికి తొమ్మిది శాఖలూ చేరాయి. బెల్టు మాత్రం చేరలేదు.

సింహాద్రి శనివారం నాడు బస్సెక్కి తనే విజయనగరం వెళ్ళి తోలు బెల్టు తెచ్చాడు. సోమవారం అది చేత్తో పట్టుకుని మిషను దగ్గరికి వెళ్తే సుధాంశు కంగారుపడి అడ్డం వచ్చాడు.

"వద్దు సింహాద్రి గారూ! ఇప్పుడు బాగుచేశారంటే ఆవిష్కరణ ఆగిపోతుంది."

"పోలమ్మప్ప పని ఆగిపోయిందండి."

"అదే మనకు ప్రేరణ" అన్నాడు సుధాంశు. ఆ గొంతులో కపటం ఏమీ లేదు. అందుకే సింహాద్రికి కోపం కూడా రాలేదు. బెల్టు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అది జేబులోనే ఉంది.

గేటు దగ్గరికి ఇప్పుడతను తల వంచుకునే వెళ్తున్నాడు. పోలమ్మ పరదా కింద కూర్చుని చేతిసూదితో కుడుతోంది. వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుంది. రోజంతా కుడితే ఒక్క చొక్కా కూడా తెమలడం లేదు.

"బాబూ, మీ గంట ఇంకా అవలేదేటి?" అని అడిగింది.

"ఆలోచిస్తన్నారప్పా."

"బెల్టు గురించే?"

"దాని చుట్టూరా."

"మంచిదే. ఆలోచించి ఆలోచించి నాను చచ్చినాక పాడె మీదేస్తారు కాబోలు" అని నవ్వింది. ఆ నవ్వు అతనికి చెంపదెబ్బలా తగిలింది.

ఇంట్లో భార్య వరహాలు ఇంకో నాలుగు మాటలు వడ్డించింది. "ఓ రీలు దారం ఇయ్యలేనోడివి, మిషను పట్టుకెళ్ళిపోయినావు. ఇరవయ్యేళ్ళ బాకీకి వడ్డీ బాగా కట్టినావు. మనూళ్ళో ఎవులికైనా సాయం చేద్దామనుకుంటే ముందు నాతో చెప్పు, ఆళ్ళని ఊరు దాటించీస్తాను."

సింహాద్రి దేవుడి గూటి ముందు కూర్చున్నాడు. "తండ్రీ, మంచి చేద్దామనే కదా చేశాను" అనబోయి ఆగిపోయాడు. లోపల ఆ తొమ్మిది శాఖల వాళ్ళూ అదే మాట అంటున్నారు కదా అనిపించింది.

* * *

జూన్ పదో తారీఖున కమిటీ వచ్చింది. ఉప్మాలో జీడిపప్పు రెట్టింపైంది. వేదిక మీద మిషనును పట్టుగుడ్డ కప్పి నిలబెట్టారు. మెకానికల్ వాళ్ళు గీతం పాడారు. అందులో 'చక్రం' అనే మాట పద్నాలుగుసార్లు వచ్చింది. పాపం, వాళ్ళు మటుకు ఎంతని ఆపుకుంటారు?

ప్రిన్సిపాల్ నరసరాజు గారు లేచారు. "మాననీయులారా, నవ శాఖల సమ్మిళిత మేధామథనం వల్ల ఉద్భవించిన ఈ వేదిక కేవలం కుట్టు యంత్రం కాదు."

"కుడుతుందా?" అని అడిగారు కమిటీ పెద్ద. ముసలాయన. చెవుల్లో తెల్ల వెంట్రుకలు, చేతిలో ఉప్మా పళ్ళెం.

"కుట్టడం అనేది దాని అనేక సంభావ్యతల్లో ఒకటి" అన్నాడు సుధాంశు.

"అయితే లబ్ధిదారు చేత తొక్కించండి."

పోలమ్మను వేదిక ఎక్కించారు. సివిల్ వాళ్ళు కట్టించిన కొత్త చీరలో ఆమె బిగుసుకుపోయి ఉంది. పట్టుగుడ్డ తీయగానే రెండు అడుగులు వెనక్కి వేసింది.

"ఏటి బాబూ ఇది, నా మిషనుకు పేగులు బయటికి తీసీసినారు?"

జనం నవ్వారు. కాలు పెట్టమన్నారు. పెట్టింది. సుధాంశు ఫోను మోగింది. లబ్ధిదారు ఉత్సాహంగా ఉన్నారు.

"బెల్టేదండి?" అంది పోలమ్మ.

తొమ్మిది శాఖల పెద్దలూ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. బెల్టు ఎవరి పనో ఏ ఉత్తర్వులోనూ లేదు.

పోలమ్మ ఇక ఎవరినీ అడగలేదు. కొంగు నడుముకు దోపుకుని పని మొదలుపెట్టింది. దీపాలు తీసింది. తీగలు పీకి పక్కన పెట్టింది. ఇంగ్లీషు వాళ్ళు పోసిన ఆముదాన్ని పేలికతో తుడిచింది. శాఖకొకటి అంటించిన రంగు కాగితాలు తొమ్మిదీ ఒకటొకటే ఒలిచింది. వేదిక పక్క నిలబడి చూస్తున్న సింహాద్రికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఏడాదికొక్క రోజు, చందనం పొరలన్నీ ఒలిచాక, అప్పన్నస్వామి నిజరూపం కనిపిస్తుంది. ఇక్కడా పొరల కింద నుంచి అరిగిపోయిన నల్లటి మిషను బయటపడుతోంది. అతని చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. మూడు ఉత్తర్వులూ మరిచిపోయి వేదికెక్కి బెల్టు ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని చక్రాల మీదుగా తిప్పి, అంగుళం కోసి, తీగ కొక్కెం పళ్ళతో నొక్కి బిగించింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రొంటిన దోపుకున్న యూనిఫారం గుడ్డ తీసి సూది కింద పెట్టి తొక్కింది. టకటకమని మిషను పరిగెత్తింది. జేబు ఒకటి కుట్టి, దారం కొరికి, కమిటీ పెద్దకు చూపించింది.

హాలు చప్పట్లతో మారుమోగింది. కమిటీ పెద్ద కళ్ళు చెమర్చాయి. "అద్భుతం! తొమ్మిది శాఖలు అమర్చిన దాన్ని పదో శాఖ, అనగా లబ్ధిదారు, అందరి ముందే విప్పి చూపింది. ఇంతటి బహుశాఖీయత నేను ఇంతవరకూ చూడలేదు. దీన్ని భద్రపరచాలి."

"మాననీయుల ఆజ్ఞ" అన్నారు నరసరాజు గారు.

సాయంత్రానికల్లా మిషనును ఎలక్ట్రానిక్సు విభాగంలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. కొత్త బెల్టుతో సహా.

* * *

మర్నాడు పొద్దున్న, అంటే పదకొండో తారీఖున, సింహాద్రి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళేసరికి సుధాంశు కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"సార్, తెలిసీ తెలియక ఒక మాట" అన్నాడు సింహాద్రి చేతులు కట్టుకుని. "మిషను ఎలక్ట్రానిక్సు వాళ్ళ గదిలో ఉందండి."

"అయితే?"

"ఒక్క శాఖ దగ్గరే ఉండిపోయిందండి. మొదటి ఉత్తర్వు..."

సుధాంశు ఉలిక్కిపడ్డాడు. "నరసరాజు గారూ, ఇది మన దృష్టికి రాకపోవడమేమిటి? ఆవిష్కరణను బావిలో పడేశాం!"

"పోనీ అన్ని శాఖల్లోనూ తిప్పుదాం" అన్నారు నరసరాజు గారు.

"ఎక్కడ పెట్టినా ఏదో ఒక శాఖ గదే అవుతుందండి" అన్నాడు సింహాద్రి. "ఎవరిదీ కాని చోటు చూస్తే బాగుంటాదేమోనని. కాలేజీలో అలాంటి చోటు లేదండి. గేటు అవతలైతే ఉంది. నిన్న పెద్దాయన పదో శాఖ అన్నారు కదండి, దాని ఆఫీసు కూడా అక్కడే ఉంది. నీలం పరదా."

సుధాంశు కిటికీ దగ్గరికి వెళ్ళి గేటు వైపు చూశాడు. "గోడలు కొట్టడమే ఆలోచించాం. గోడ దాటడం ఆలోచించలేదు."

పది గంటలకు నాలుగో ఉత్తర్వు వెలువడింది. పదకొండుకు ఇద్దరు కూలీలు మిషను మోసుకొచ్చి పరదా కింద దించారు. వెంట ఒక బోర్డు కూడా వచ్చింది. 'బహుశాఖీయ సామాజిక ఆవిష్కరణ కేంద్రం, పదవ విభాగం.' పోలమ్మ బోర్డును ఎండ పడే వైపు ఆనించి, మిషను ముందు కూర్చుంది. తొక్కడం మొదలుపెట్టింది.

అన్నానికి లేవలేదు. వరహాలు క్యారేజీ తెచ్చి పక్కన కూర్చుని, కుట్టిన చొక్కాలకు గుండీలు కుట్టింది. సింహాద్రి కాజాలు కోయబోతే, "నువ్వు ముట్టుకోకు, మళ్ళీ ఏ డీన్నో పట్టుకొస్తావు" అని ఆడవాళ్ళిద్దరూ తరిమేశారు.

పన్నెండో తారీఖు పొద్దున్న ఎనిమిదింటికి సింహాద్రి వచ్చేసరికి ముప్పై అయిదు జతలు మడతపెట్టి ఉన్నాయి. పరదా ముందు ఒక పిల్ల లంగా, బనీనుతో నిలబడి ఏడుపు మొహం పెట్టుకుని ఉంది. ఆఖరి చొక్కా ఆమెది. ఒక చెయ్యి కుట్టాలి. మిషను ఆగిపోయి ఉంది.

"మళ్ళీ ఏమైందప్పా?" అన్నాడు సింహాద్రి.

"మిషనుకేటవలేదు. తెల్లదారం అయిపోయింది. కొట్టు తొమ్మిదికి గాని తియ్యడు. ఎనిమిదిన్నరకు బడి గంట కొడతారు."

సింహాద్రి చొక్కా జేబులో చెయ్యి పెట్టి, బెల్టు ఉన్న చోటి నుంచే, ఒక తెల్లదారం రీలు తీశాడు. విజయనగరంలో బెల్టు కొన్ననాడే కొన్నాడు. ఇన్ని రోజుల్లో బెల్టు రెండుసార్లు బయటికి తీశాడే గాని, దీన్ని తీయడానికి చెయ్యి రాలేదు.

పోలమ్మ రీలు వంక చూసింది, అతని వంక చూసింది.

"గుర్తుందేటి!"

"రోజూ గుర్తేనప్పా. అదే చిక్కు."

"ఓరి నీ సిగ్గు సంతకెళ్ళా" అని నవ్వి, రీలు మిషను మీద తగిలించి, దారం కొస నోట తడిపి సూదిలోకి ఎక్కించింది.

ఆమె తొక్కుతుండగా సింహాద్రి ధైర్యం చేసి అడిగాడు. "అప్పా, థర్మామీటరులో పాదరసం ఉంటాది చూడు. అది ఫిజిక్సు వాళ్ళదా, కెమిస్ట్రీ వాళ్ళదా?"

"జొరం వచ్చినోడిది" అంది పోలమ్మ తల ఎత్తకుండానే.

చెయ్యి అతుక్కుంది. పిల్ల చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ బడివైపు పరిగెత్తింది. పోలమ్మ రీలును వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఇంకా చాలా దారం ఉందని, సొరుగులో వేసి మూసింది.

"ఇంక మీ బాకీ లేదు బాబూ. పోండి, మీకు బెల్లు కొట్టీసినారు."